వల నీట్లో ఉండగా

శ్రీకాకుళం జిల్లా తీరంలో ఒక మత్స్యకారుల పల్లె. ఉదయం. ఊరి హెల్త్ క్లినిక్‌లో బల్ల మీద ట్యాబు. తెర మీద, జిల్లా కేంద్రంలో కూర్చున్న డాక్టర్ ఝాన్సీ. ట్యాబు ముందు కుర్చీలో గున్నమ్మ.

"పేషెంటు ఎదురుగా లేకుండా నేను మందు రాయకూడదు గున్నమ్మగారూ. ఎన్నిసార్లు చెప్పాలి?"

"నువ్వూ నేవు కదేటమ్మా ఇక్కడ?"

"అంటే?"

"డాక్టరు శికాకోలంలో కూకోని మా ఊర్లో వైద్దిం సెయ్యొచ్చును. రోగం ఉన్నోడు మాత్రం ఈ కుర్సీలో కూకుంటేనే గాని కుదరదా? ఇదెక్కడి నాయం?"

"నేను మీ ఆయన్ని చూడాలి కదా. కళ్ళు చూడాలి, ఊపిరి చూడాలి..."

"నాను సూసినాను. ముప్పై ఏళ్ళ బట్టి సూస్తన్నాను. నన్నడుగు."

"మీ వెనక ఇంకా చాలామంది లైన్లో ఉన్నారమ్మా. రేపు ఆయన్ని తీసుకునిరండి. కాల్ కట్ చేస్తున్నాను."

"కట్ సెయ్యి, సూద్దాం. నాను నెగిస్తే కదా ఇంకోలు ఈ కుర్సీలో కూకునేది. నాను నెగను."

"సిస్టర్ అనూరాధ ఏది? పిలవండి."

"సిస్టరమ్మ బయట గుంటలకి టీకాలేస్తన్నాది. నాకీ పలక ఎట్టీసి, మాటాడమని ఎల్లిపోనాది. నాను పిలవను. నువ్వు పిలిసినా నీ గొంతు అందాకా ఎల్లదు."

"సరే, కూర్చునే ఉండండి."

"ఏటమ్మా, కట్ సెయ్యనేదేటి?"

"మీ ఆయన పేరేంటి?"

"అప్పలసూరి. పడవ ఆయనదే. సుక్కాని ఆయనదే. నోరు కూడా ఆయనదే."

"ఏమైంది ఆయనకి? ఒక్క ముక్కలో చెప్పండి."

"గేసు మందు తాగతన్నాడు."

"గ్యాసుకి గ్యాసు మందు తాగితే తప్పేముంది?"

"గేసు అయితే తప్పు నేదు. మూడ్రోజులు బట్టి గేసు మందు సీసా నడుముకి సెక్కుకోని పడవెక్కుతన్నాడు. దిగేసరికి సీసా కాళీ. నిన్న అన్నం తింతా తింతా అడిగినాడు. 'ఒసే గున్నా, గుండెల మీద బండరాయి ఎట్టినట్టుండి, అది దవడకి పాకి, ఎడం సెయ్యి లాగీస్తే ఏటే అది?' అని. 'ఎవలికి?' అన్నాను. కంచంలోకి సూసి, 'నాకే' అన్నాడు."

"ఎడమ చెయ్యా?"

"ఎడం సెయ్యే."

"చెమటలు?"

"వల లాగితే సెమట్లు పట్టీసి కూలబడిపోవడమేనట. కూకుంటే తగ్గేదట. నిన్నట్నించి కూకున్నా తగ్గట్నేదట. ఇయన్నీ ఇనీసి నాకు నిద్దర పట్నేదు."

"ఇదంతా ముందే చెప్పలేదేంటి?"

"నువ్వు సెప్పనిచ్చినావా? పేషెంటు, పేషెంటు అని ఒకటే పాట."

"సరే, నాదే తప్పు. ఇప్పుడాయన ఎక్కడున్నారు?"

"ఏటకెల్లినాడు."

"సముద్రంలోకా?"

"మరి సెరువులోకా?"

"ఎప్పటికి వస్తారు?"

"వల ఎత్తి వచ్చేసరికి మజ్జానం దాటతాది."

"అంత టైం లేదు."

"అంటే?"

"వినండి. మనిషిని చూడకుండా, ఈసీజీ తియ్యకుండా నేను ఇది ఇదేనని తేల్చి చెప్పలేను. కానీ మీరు చెప్పింది గ్యాసులా లేదు. గుండెకి రక్తం తీసుకెళ్ళే గొట్టం మూసుకుపోతుంటే ఇలాగే ఉంటుంది. ఆయన వల లాగకూడదు. మధ్యాహ్నం కాదు, ఇప్పుడే ఒడ్డుకి రావాలి."

"నాను అనుకుందే. నాను అనుకుందే సెప్పినావు."

"అనుకుంటే ఆయన్ని ఇక్కడికి తీసుకురావాల్సింది కదమ్మా."

"రాడు. ఈ క్లినిక్కు గుమ్మం ఎక్కితే సాలు, సాయంకాలానికి రేవంతా తెలిసిపోతాది. ఒంట్లో బాగోనోడిని పడవెక్కనీరు. నడి సంద్రంలో పడిపోతే పడవకి కీడంతారు. అందుకే ఎవలికీ సెప్పొద్దన్నాడు. మా తమ్ముడికి కూడా సెప్పొద్దన్నాడు."

"మీ తమ్ముడెవరు?"

"నాగబాబు. ఆడూ అదే పడవలో ఉన్నాడు. మాయమ్మ పోయేసరికి పాలు తాగే గుంటడు. నానే సాకినాను. 'అప్పా, అప్పా' అని ఈ అక్క ఎనకే తిరిగీవోడు. గుజరాత్ ఎల్లి, వీరావల్లో పరాయోల బోట్ల మీద ఏళ్ళకేళ్ళు పన్జేసి, ఈ మజ్జినే ఇంటికొచ్చినాడు. బావ తన పడవలో సోటిచ్చినాడు. అప్పట్నించీ బావా బావమరుదులు ఒకే పేనం."

"మంచిది. ఫోన్ చెయ్యండి వాళ్ళకి."

"సేసినాను. నీకంటే ముందు సేసినాను. ఎత్తట్నేదు."

"సిగ్నల్ లేదా?"

"సిగ్నలు బేషుగ్గా ఉన్నాది. ఒడ్డు కనబడేంత దూరమే ఎల్లినారు. వల నీట్లో ఉన్నాది. అదీ ఇసయం."

"ఉంటే?"

"వల నీట్లో ఉండగా ఆడోళ్ళ ఫోను ఎత్తరు. మా పడవ కట్టుబాటు. ఆడగొంతు ఇనబడితే సేప వల్లోకి రాదంట."

"ఇదేం..."

"నువ్వు నవ్వకు. నవ్వితే నానూ నవ్వాల."

"నవ్వట్లేదు. నంబరు ఉందా? మీ ఫోన్లో తీసి, ఈ కెమెరాకి దగ్గరగా చూపించండి. నా ఫోన్ నుంచి నేను చేస్తాను."

"నువ్వూ ఆడదానివే కదేటి?"

"నా నంబరు వాళ్ళకి తెలీదు కదా."

"ఓలమ్మో! అవును. కొత్త నంబరు అయితే సేపల సావుకారు అనుకుంటారు. ఎత్తి తీరతారు. ఇదిగో, మా తమ్ముడి నంబరు. కనబడిందా?"

"కనబడింది. స్పీకర్లో పెడుతున్నాను. మీకు ఈ ట్యాబులోంచి వినిపిస్తుంది. నేను చెప్పేదాకా మీరు మాట్లాడకండి."

"మాటాడను."

"రింగవుతోంది."

"హలో, సావుకారు గోరా! దండాలు బాబూ. కవళ్ళ సేప తగిలినాది. ఐసు బండి రేవుకి పంపీయండి..."

"నేను షావుకారుని కాదండీ. శ్రీకాకుళం నుంచి డాక్టర్ ఝాన్సీని. నాగబాబేనా?"

"ఆడగొంతేటి?"

"ఫోన్ పెట్టెయ్యకండి. అక్కడ ఒకరికి గుండెల్లో నొప్పి అని తెలిసింది."

"...ఎవలు సెప్పినారు మీకు?"

"నానే సెప్పినానురా!"

"గున్నమ్మగారూ, మాట్లాడొద్దన్నాను!"

"అప్పా? నువ్వా? వల నీట్లో ఉన్నాదప్పా, నోరెత్తకు!"

"ఇద్దరాడోళ్ళ గొంతులు ఇనీసినావు. ఆ సేపలు ఇప్పటికే ఒరిస్సా ఎల్లిపోయుంటాయి. ఫోను బావకియ్యి."

"ఎవడ్రా నాగబాబూ? రేటెంత అంతన్నాడు?"

"సావుకారు కాదు బావా. డాక్టరంట."

"డాక్టరా! ఎవలికి సెప్పీసినావురా?"

"నాను సెప్పనేదు బావా, ఒట్టు. అప్ప సెప్పీసిందట."

"దానికెలగ తెలిసింది?"

"నువ్వే సెప్పినావు కదయ్యా, కంచం ముందర కూకోని! దవడకి పాకింది, సెయ్యి లాగీస్తన్నాది, నాకే అని!"

"అది... అది ఊరకే అడిగినాను. వల నీట్లో ఉండగా ఫోన్ సేస్తావేటే? సిగ్గు నేదేటే నీకు?"

"నేదు. ఎప్పుడో ఆ వల్లోనే కలిపీసినాను."

"అప్పలసూరిగారూ, నేను డాక్టర్ని. తర్వాత పోట్లాడుకోండి. వీడియో కాల్ చేస్తున్నాను. నాగబాబూ, ఎత్తి, ఫోను మీ బావ మొహానికి ఎదురుగా పట్టుకో."

"బావ మొకానికా?"

"మరెవరి మొహానికి?"

"...సరేనమ్మా."

"ఆఁ, వచ్చింది. సముద్రం కాదు, మనిషిని చూపించు. ఇంకా దగ్గరికి. వణుకుతోంది, గట్టిగా పట్టుకో."

"కెరటమమ్మా."

"వెనక నుంచి ఎండ పడుతోంది. నువ్వు ఇటు తిరిగి నిలబడు."

"నిలబడలేను... అంటే, వల అడ్డంగా ఉన్నాదమ్మా. కూకోని సూపిత్తాను."

"సరే, కూర్చునే చూపించు. అప్పలసూరిగారూ, నొప్పి ఎక్కడుంది?"

"నా పెళ్ళాం నోట్లో ఉన్నాది."

"అటువంటి మాటలు వద్దు."

"మరి నొప్పి నేందే ఎక్కడుందని సెప్పను? కాయిలా అని మంచమెక్కిన పుటక కాదు నాది. సూడు ఈ జబ్బ. సూడు ఈ గుండె. గునపమెట్టి పొడిసినా దిగదు."

"రాత్రి మీ భార్యకి నొప్పి నాకేనని ఎందుకు చెప్పారు?"

"రాత్రిపూట మొగుడూ పెళ్ళాం సవాలక్ష అనుకుంతారు. నీకెందుకమ్మా?"

"ఆవిడ మాట నమ్మి నేను ఇంతమందిని ఆపి కూర్చున్నాను కాబట్టి. గట్టిగా గాలి పీల్చండి. ఒక్క గుక్కలో అంకెలు చెప్పండి. ఎంతవరకు వస్తే అంతవరకు."

"బడి ఎట్టినావేటి?"

"సెప్పవయ్యా! సెప్పు!"

"నువ్వు డాక్టరమ్మ లాగ మాటాడకే. ఒకటి, రెండు, మూడు, నాలుగు..."

"నాగబాబూ, ఫోను కిందికి జారిపోతోంది."

"...ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై. సాలా? ఎక్కాలు కూడా అప్పసెప్పీదా?"

"చాలు. అంత గుక్క ఉంది మీకు. మరి ఆ ఆయాసం ఎవరిది? నాకు వినిపిస్తూనే ఉంది."

"నాదేనమ్మా. ఇంజను తాడు లాగినాను."

"ఇంజను చప్పుడు రావట్లేదే."

"ఎక్కట్నేదు. అందుకే లాగినాను."

"వల నీట్లో ఉండగా ఇంజనెందుకు లాగినావురా తమ్ముడా?"

"నీ గొంతు ఇని కంగారడి లాగీసినానప్పా. ఇప్పుడది కూడా నీకు లెక్క సెప్పాలేటి?"

"సూసినావా డాక్టరమ్మా? నాకేటీ నేదు. నా పెళ్ళాం కలగన్నాది. ఇంక ఫోను కట్టీ."

"కట్టను. పైకి బాగానే కనిపించి లోపల గుండె దెబ్బతినే వాళ్ళు ఉంటారు. షుగరు ఉన్నవాళ్ళకైతే నొప్పి కూడా సరిగా తెలీదు. ఫోన్లో నేను మొహం చూడగలను, మాట వినగలను. గుండె లోపలికి చూడలేను. దానికి ఈసీజీ కావాలి. ఒడ్డుకి రండి."

"వల ఎత్తినాక వస్తాను."

"ఎంతసేపు పడుతుంది?"

"గంటన్నర. సేప ఎక్కువ పడితే రెండు."

"వదిలేసి రండి."

"ఏటి ఒగ్గీడం? పడవకి కట్టుంది వల."

"విప్పండి."

"నీటి వాటం మీదుంది, బరువుగా ఉన్నాది. ఇప్పితే ఇప్పబడేది కాదు. కొయ్యాల."

"అయితే కొయ్యండి."

"ఏటన్నావు?"

"వల కోసెయ్యమన్నాను."

"నాగబాబూ, ఇన్నావురా? కుర్సీలో కూకోని వల కోసీమంతన్నాది! నాను ఆస్పత్రికొచ్చి నీ కుర్సీ కోళ్ళు కోసీమన్నానా ఎప్పుడైనా?"

"కోసీసి, తెడ్డు కట్టి, గుర్తుకి నీట్లో తేలే బుంగ ఏసి ఒగ్గీండి. రేపు ఏరుకుందురు."

"ఒసే, తీరం ఎంబడే పెద్ద బోట్లు తిరగతన్నాయి. సాయంకాలానికి ముక్కలు సేసి పట్టుకుపోతాయి. ఎరక్కపోతే ఊరుకో."

"ఎరిక నేదా నాకు? ఆ వలకి సిరుగులు ఎవలు కుట్టినారు? పీత కొరికితే నాను కుట్టినాను. రాయి తగిలి సిరిగితే నాను కుట్టినాను. సూపు మసకేసినాక కూడా ఏళ్ళతో తడుంకుని కుట్టినాను. సగం వల నా సేతిదే. నా సగం నాను కోసీమంతన్నాను."

"అయితే ఈదుకోని వచ్చి, నీ సగం ఏదో సూపించి కోసుకో."

"నాను రాలేను. నా తమ్ముడున్నాడు. ఒరే నాగబాబూ, మీతో పడవలో ఉన్న నూకయ్య మావ కత్తి ఎక్కడెడతాడు?"

"అప్పా..."

"కత్తి తియ్యి. కొయ్యి."

"నాను కొయ్యనప్పా. ఎవలి పేనం కోసమూ ఆ వల కొయ్యకూడదు. అందులో నూకయ్య మావకి వాటా ఉన్నాది, మాతో వల లాగే గోవిందుకి ఉన్నాది. నన్ను పడవలోకి రమ్మన్నోడి వల అది."

"నిన్ను సాకినది ఎవలు? నానా, వలా?"

"నువ్వే అప్పా. అందుకే నాకు ఇలాటియి సెప్పకు."

"సెబాస్‌రా బావమరిదీ! ఇన్నావా గున్నా? నీ తమ్ముడికున్న తెలివి నీకు నేదు."

"ఇద్దరూ ఇద్దరే. కడుపులో ఏటేటి దాసుకున్నారో గాని నన్ను గడ్డి పరక కింద తీసి పడేస్తన్నారు. డాక్టరమ్మా, నాను ఈ కుర్సీలోంచి నెగను, నువ్వు ఫోను కట్టకు. సూద్దాం, ఎవలు ముందు తగ్గుతారో."

"గున్నమ్మగారూ, నేను ఎక్కడికీ వెళ్ళను. అప్పలసూరిగారూ, కనీసం ఒక పని చెయ్యండి. పడవలో ఏమైనా మందులున్నాయా? మీరు తాగే గ్యాసు సీసా కాదు."

"నూకయ్య మావ దగ్గర గుండె మాత్రలున్నాయమ్మా. రోజుకొకటి ఏసుకుంటాడు. అన్నం డబ్బాలో ఉన్నాయి."

"మంచి మాట చెప్పావు నాగబాబూ. తీసి, పట్టీ కెమెరా ముందు పెట్టు. ఒక్కొక్కటీ. పేరు కనబడాలి."

"ఇదిగో."

"ఇది కాదు, బీపీది. పక్కన పెట్టు. ఇంకోటి?"

"ఇది సిన్నది."

"ఆగు, ఆగు. కదపకు. ఇదే. రక్తం గడ్డకట్టకుండా చేసేది. నాలుగు మాత్రలు తియ్యి. నీళ్ళతో మింగడం కాదు, బాగా నమలాలి. కానీ ముందు చెప్పండి. కడుపులో పుండు ఉందా? ఎప్పుడైనా రక్తం కక్కడం, నల్లగా విరేచనం అవడం? ఈ మాత్ర పడదని ఎవరైనా అన్నారా?"

"నేదమ్మా. ఏటీ నేదు."

"నిన్ను కాదు నాగబాబూ. ఆయన్ని అడిగాను."

"ఆడు సెప్పిందే. ఏటీ నేదు."

"అయితే నమలండి. నాలిక కింద పెట్టుకునే మాత్ర కూడా ఆ డబ్బాలో ఉంటే దాని జోలికి వెళ్ళకండి. వల మీద చెయ్యి వెయ్యకండి. పడవలో వెనక్కి ఆనుకుని, మోకాళ్ళు మడిచి కూర్చోండి."

"డాక్టరమ్మా, ఒక మాటడగొచ్చునా?"

"అడుగు నాగబాబూ."

"ఇలాటి నొప్పి వచ్చినోడు... మళ్ళీ ఏటకెల్లొచ్చునా?"

"ముందు బతకాలి."

"బతికితే?"

"టైముకి వస్తే మూసుకున్న గొట్టం తెరుస్తారు. ఆ తర్వాత పనులు చేసుకుంటున్నవాళ్ళు ఎంతోమంది. ఆలస్యం చేస్తే చెప్పలేను."

"పడవలోంచి తీసీరు కదా?"

"ఎవరు తీస్తారు? పడవ ఆయనదే కదా."

"...అవును. బావదే."

"ఒరే, ఇలాగియ్యి ఫోను. నీ మొకమేటలా..."

"వద్దు బావా. నువ్వు మాటాడకు. ఒట్టేసినావు."

"నాగబాబూ, ఏంటది? ఏమంటున్నారు? హలో? తెర నల్లబడిపోయింది. నాగబాబూ!"

"ఏటైంది? డాక్టరమ్మా, ఏటైంది?"

"ఫోన్ కట్టయింది. మళ్ళీ చేస్తున్నాను."

"ఎత్తినారా?"

"రింగవుతోంది... ఎత్తట్లేదు."

"మళ్ళీ సెయ్యి. నా నంబరు నుంచి నానూ సేస్తాను. ఆడగొంతు, ఆడగొంతు! ఇయాల ఆడగొంతు ఇనకుండా ఎలగ ఉంటారో సూస్తాను!"

"గున్నమ్మగారూ, ఫోన్ నేను చూసుకుంటాను. మీరు అనూరాధని పిలవండి. ఇప్పుడు పిలుస్తారా?"

"అనూరాధమ్మా! ఓ అనూరాధమ్మా! సూదులు ఒగ్గీసి బేగి రా!"

"ఏంటక్కా ఆ కేకలు? పిల్లలు బెదిరిపోతున్నారు."

"అనూరాధా, నేను ఝాన్సీని. గుండెపోటని అనుమానం. మనిషి సముద్రంలో పడవ మీద ఉన్నాడు. వెంటనే నూట ఎనిమిదికి చెప్పు. బండి రేవు దగ్గరికి రావాలి. నీ దగ్గర ఈసీజీ మిషను ఉందా?"

"లేదు మేడమ్. పీహెచ్‌సీలో ఉంది. కానీ బండి రేవు దాకా రాదు. ఇసకలో దిగబడిపోతుంది. సిమెంటు రోడ్డు దగ్గరే ఆగుతుంది."

"అక్కడ్నించి రేవు ఎంత దూరం?"

"బాగా దూరమే మేడమ్. స్ట్రెచరు మీద ఇసకలో మొయ్యాలి. మగాళ్ళంతా వేటకెళ్ళిపోయారు."

"మగోళ్ళెందుకు? ఇసకలో సేపల తట్టలు మోసేదెవలు? జగ్గమ్మ ఉన్నాది, తవిటమ్మ ఉన్నాది, నాను ఉన్నాను. నిండు తట్టలు నెత్తిన ఎట్టుకోని ఆ ఇసకలోనే కదా పరిగెడతాం. మనిషిని మొయ్యలేమా?"

"అక్కా, పడవ ఒడ్డుకొచ్చేటప్పుడు ఆడవాళ్ళు నీళ్ళలోకి ఎదురెళ్ళకూడదంటారు కదా. పెద్దలు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. ఊరుకోవద్దను. మొల్లోతు నీళ్ళలోకి ఎల్తాను, పడవ అంచు పట్టుకుంటాను, మొగుడ్ని భుజాన ఏసుకోని వస్తాను. తప్పు డబ్బులెయ్యమను. తప్పు కట్టీది ఆ మొగుడే కదా, బతికుంటే కడతాడు."

"నేను బండికి చెప్తాను మేడమ్. పెద్దాసుపత్రికి కూడా చెప్పి ఉంచాలా?"

"అక్కడ నేను మాట్లాడతాను. నువ్వు రేవుకి వెళ్ళు. ట్యాబు కూడా పట్టుకెళ్ళు, సిగ్నల్ ఉంటే కాల్ ఆపకు."

"డాక్టరమ్మా, పలక నానే పట్టుకోని రేవుకి నడస్తన్నాను. ఒక మాట."

"చెప్పండి."

"నాను సేసింది తప్పేటి? ఆయన ఎవలికీ సెప్పొద్దన్నాడు."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలీదు."

"మరింకేం? ఇందాక నేను కాల్ కట్ చేసి ఉంటే అది తప్పు. మీరు లేవకపోవడం తప్పు కాదు."

"నెగుతానేటి? మా తమ్ముడికి సిన్నప్పుడు జొరమొస్తే శికాకోలం పెద్దాసుపత్రిలో, డాక్టరు బల్ల ముందు కూకోని నెగనేదు. బంట్రోతు రెక్క పట్టుకోని లాగినాడు. కరిసీసినాను. ఆడు బతికినాడు."

"బంట్రోతా?"

"మా తమ్ముడమ్మా! ...ఒచ్చిందా? అదేటి మోగతన్నాది?"

"వచ్చింది. వాళ్ళే. అందరూ ఒక్క క్షణం ఊరుకోండి. హలో!"

"డాక్టరమ్మా! ఇనబడతన్నాదా?"

"వినబడుతోంది. నాగబాబేనా?"

"కాదు. నాను, అప్పలసూరిని."

"మీరెందుకు ఫోన్ పట్టుకున్నారు? కూర్చోమన్నాను కదా! ఇంజను చప్పుడు వినిపిస్తోంది. వస్తున్నారా?"

"వస్తన్నాం. గోవిందు సుక్కాని పట్టినాడు. రేవు కనబడతన్నాది."

"వల?"

"కోసీసినాను."

"ఏటీ? మళ్ళీ సెప్పు!"

"కోసీసినానే గున్నా. నా సేత్తో నానే కోసీసినాను. సంద్రంలోకి ఎల్లిపోనాది."

"ఇన్నావా డాక్టరమ్మా? ముప్పై ఏళ్ళకి నా మాట ఇన్నాడు! పోతే పోనీ ఎదవ వల! కొత్తది నాను కుడతాను, కళ్ళు పోయినా కుడతాను!"

"నీ మాటకి కాదే. నా పేనానికైతే ఆ వల కోద్దునేటి? నీకు తెల్దా నా సంగతి?"

"మరెందుకు కోసినావు?"

"...డాక్టరమ్మా, రేవులో బండి ఉన్నాదా?"

"వస్తోంది. స్ట్రెచర్ నీళ్ళ దాకా తెస్తారు. ముందిది చెప్పండి, మాత్రలు నమిలారా?"

"నాలుగూ నమిలినాడు."

"నమిలినాడా? ఎవరు? నమలాల్సింది మీరు కదా!"

"నొప్పి నాకు కాదమ్మా. 'అప్పకి తెలిస్తే పడవెక్కనీదు, మళ్ళీ వీరావల్ పోవాల' అని నా సేత ఒట్టేయించుకున్నాడు. వల్తో పాటు ఆ ఒట్టూ కోసీసినాను. గున్నా, అరవకు. కళ్ళు తెరిసే ఉన్నాడు, నా ఒళ్ళో తలెట్టుకోని నీ గొంతు ఇంతన్నాడు, నీ తమ్ముడు. ఇంతసేపూ ఫోను పట్టుకోని మీకు నా మొకం సూపించినోడు."